అంతర్జాల దూరవాణి వ్యవస్థ: కార్యాలయములందు స్థాపనము, వినియోగము

ఒక కార్యాలయమునందలి దూరవాణులను ఒండొంటితోను, వెలుపలి దూరవాణి ప్రపంచముతోను అనుసంధించుటకు వేఱుగా రాగితీగలు పఱచుటకు బదులు, కంప్యూటర్లను కలుపుచున్న నెట్‌వర్కునే వాహకముగా గైకొని, మానవ కంఠధ్వనిని చిన్నచిన్న సమాచార ఖండములుగా విభజించి పంపి, అవతల మరల ధ్వనిగా కూర్చు ఏర్పాటునకు అంతర్జాల దూరవాణి వ్యవస్థ యని పేరు. వాడుకలో దీనిని ఐపీ పీబీఎక్స్ అనియు, వాయిస్ ఓవర్ ఐపీ అనియు, మూలయంత్రము కార్యాలయమున గాక సేవాసంస్థవారి కేంద్రమున ఉన్నచో క్లౌడ్ టెలిఫోను అనియు వ్యవహరింతురు. పూర్వము టెలిఫోను శాఖవారు తమ ఎక్స్ఛేంజి గోడల నడుమ వహించుచుండిన విద్యుత్తు, నాణ్యత, భద్రత, ఆపత్కాలపు పిలుపు మున్నగు బాధ్యతలు ఈ వ్యవస్థతో చాలవఱకు కార్యాలయము చేతికి వచ్చినవి. కావున దీని నిర్మాణమును, నిర్వహణమును ఎఱిగియుండుట సాంకేతిక నిపుణులకేగాక కార్యాలయాధిపతులకును అవసరమైనది.

చరిత్ర

అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1876లో దూరవాణికి పేటెంటు పొందిన ఆఱేండ్లలోపుననే, 1882 జనవరి 28వ తేదీన, కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములందు దూరవాణి కేంద్రములు ప్రారంభమైనవి. ఆనాడు పిలుపును కలుపుట ఆపరేటరు చేతిపని. అమెరికాలో కాన్సాస్ సిటీ నగరవాసి, వృత్తిచే అంత్యక్రియల నిర్వాహకుడునగు ఆల్మన్ స్ట్రౌజర్ 1891లో స్వయంచాలకమైన స్విచ్చికి పేటెంటు పొందగా, దానిపై ఆధారపడిన తొలి కేంద్రము 1892లో ఇండియానా రాష్ట్రమునందలి లా పోర్ట్ పట్టణమున పనిచేయ నారంభించెను. కార్యాలయములో ప్రతి బల్లకును ఒక ప్రత్యేకమైన లైనును అద్దెకు గైకొనుట మిక్కిలి వ్యయకరమగుటచే, పది లైనులను వందమంది పంచుకొనునట్లు చేయు చిన్న ఎక్స్ఛేంజిని కార్యాలయముననే నెలకొల్పు పద్ధతి వచ్చినది. మన దేశమున ఈపీఏబీఎక్స్ అను పేర ప్రసిద్ధమైన యంత్రమిదియే. 1984లో స్థాపితమైన సీ-డాట్ సంస్థ తన తొలినాళ్లలో రూపొందించిన 128 పోర్టుల ఎక్స్ఛేంజి భారతీయ తయారీదారుల చేతికందుటచే, బ్యాంకులు, ఆస్పత్రులు, హోటళ్లు, ప్రభుత్వ కార్యాలయములు స్వదేశీయ యంత్రములను విరివిగా వాడుకొనగలిగినవి.

ధ్వనిని అంకెలుగా మార్చవచ్చునను భావన అంతర్జాలముకంటె పాతది. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు అలెక్ రీవ్స్ 1937లో ప్రతిపాదించిన పద్ధతి ననుసరించి, కంఠధ్వనిని సెకనునకు 8000 పర్యాయములు కొలిచి, ప్రతి కొలతను 8 బిట్లలో వ్రాసినచో, ఒక సంభాషణకు సెకనునకు 64,000 బిట్లు కావలసివచ్చును. డిజిటల్ దూరవాణి కంతటికిని ఈ లెక్కయే పునాది. అయినను, ఆ పద్ధతిలో మాటాడినను, మౌనముగా నున్నను, పిలుపు ముగియువఱకు ఒక మార్గము ఆ యిరువురికే అంకితమై యుండెడిది. ఈ నిర్బంధమును తొలగించి, ధ్వనిని ఖండములుగా పంపు ప్రయోగములు 1974లో అర్పానెట్‌పై జరిగినవి. ఆ ప్రయోగములకై డానీ కోహెన్ మున్నగువారు రూపొందించిన నియమావళి 1977లో ప్రకటితమైనది. 1995లో వోకల్‌టెక్ అను ఇజ్రాయేలు సంస్థ ఇంటర్నెట్ ఫోను అను సాఫ్ట్‌వేరును విక్రయించుటతో ఈ విద్య సామాన్యుల దృష్టికి వచ్చినది.

వేఱువేఱు సంస్థల యంత్రములు పరస్పరము సంభాషింపవలెనన్న ఉమ్మడి నియమములు కావలెను. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము 1996లో హెచ్.323 అను ప్రమాణమును వెలువరింపగా, 1999లో మార్క్ హ్యాండ్లీ, హెన్నింగ్ షుల్జ్‌రిన్నె ప్రభృతులు రూపొందించిన సిప్ అను సరళతరమైన నియమావళి ప్రకటితమై, 2002లో సవరింపబడి, నేటికిని కార్యాలయ దూరవాణులకు ప్రధానాధారముగా నిలిచియున్నది. అదే 1999లో అమెరికాలోని అలబామా రాష్ట్రమున మార్క్ స్పెన్సర్ అను విద్యార్థి, తాను స్థాపించిన చిన్న సంస్థకు ఎక్స్ఛేంజి కొనుటకు తగిన ధనము లేమిచే, సాధారణ కంప్యూటరునే ఎక్స్ఛేంజిగా మార్చు ఆస్టెరిస్క్ అను ప్రోగ్రామును స్వయముగా వ్రాసి, దాని మూలమును అందఱికిని ఉచితముగా విడుదల చేసెను. లక్షల రూపాయల యంత్రములకే పరిమితమైన సౌకర్యములు చిన్న కార్యాలయములకు సైతము అందివచ్చుటకు ఆ ఔదార్యము ముఖ్యకారణమని చెప్పవచ్చును.

అంగములు

వ్యవస్థకు హృదయస్థానము సర్వరు. ఏ ఎక్స్‌టెన్షను ఎచ్చట నున్నది, ఎవరు ఎవరిని పిలువవచ్చును, వెలుపలి పిలుపు ఎవరి బల్లపై మ్రోగవలెను అను నిర్ణయములన్నియు దీనియందే లిఖితమై యుండును. ఇది కార్యాలయములోని ఒక పెట్టె కావచ్చును, సేవాసంస్థ కేంద్రమునందలి ఒక భాగము కావచ్చును. రెండవ అంగము ఫోను: బల్లపై నుంచు ఐపీ ఫోను, కంప్యూటరులోగాని చేతిఫోనులోగాని నడుచు సాఫ్ట్‌ఫోను, పాత ఫోనును నెట్‌వర్కునకు కలుపు అడాప్టరు అని ఇది త్రివిధము. మూడవది స్విచ్చి. 2003లో వెలువడిన ప్రమాణమును అనుసరించు పీవోఈ స్విచ్చి ఒక్కొక్క పోర్టునకు 15.4 వాట్ల వఱకు విద్యుత్తును నెట్‌వర్కు కేబులు ద్వారానే అందించుటచే, ఫోను కొక ప్లగ్గు, బల్ల కొక సాకెట్టు అవసరపడవు. నాల్గవది వెలుపలి లోకమునకు ద్వారము. టెలిఫోను సంస్థ అంతర్జాల మార్గముననే ఇచ్చు సిప్ ట్రంకు ఇందొకటి, పాత లైనులను నెట్‌వర్కునకు కలుపు గేట్‌వే మఱియొకటి. గేట్‌వేల యందు ఎఫ్ఎక్స్ఓ పోర్టు టెలిఫోను సంస్థ లైనునకును, ఎఫ్ఎక్స్ఎస్ పోర్టు కార్యాలయపు పాత ఫోనునకును ఉద్దిష్టములు. రెండవది తానే లైనులోనికి విద్యుత్తును పంపును గనుక, వీనిని తాఱుమాఱు చేసినచో యంత్రము చెడిపోవు ప్రమాదము కలదు.

పనిచేయు విధము

ప్రతి ఫోనును విద్యుత్తు అందిన వెంటనే తన సంఖ్యను, రహస్యపదమును సర్వరునకు నివేదించి తన యునికిని నమోదు చేసికొనును. నిర్ణీతకాలమున కొకసారి ఆ నమోదును పునరుద్ధరించుకొనుచుండును. ఒకరు సంఖ్యను నొక్కగనే ఆ ఫోను సర్వరునకు ఆహ్వాన సందేశమును పంపగా, సర్వరు ఆ సంఖ్య గల ఫోనును వెదకి మ్రోగించి, అవతలివారు ఎత్తిన వెంటనే ఆ వార్తను ఇవతలి ఫోనునకు తెలుపును. ధ్వనిని ఏ కోడెక్‌లో, అనగా ఏ సంకేత పద్ధతిలో పంపవలెనో, ఏ చిరునామాకు పంపవలెనో ఈ సందేశములలోనే నిశ్చితమగును. సంబంధము కుదిర్చిన పెద్దమనిషి పెండ్లితో ప్రక్కకు తొలగినట్లు, ఇక్కడితో సిప్ పని చాలవఱకు ముగియును. అటుపిమ్మట ధ్వనిని మోయునది ఆర్‌టీపీ అను వేఱొక నియమావళి. అది సాధారణముగా 20 మిల్లీసెకనుల ధ్వనిని ఒక ఖండముగా కట్టి, సెకనునకు 50 ఖండముల చొప్పున, ప్రతిదానిపై క్రమసంఖ్యను, కాలసూచికను ముద్రించి పంపును. పిలుపును రికార్డు చేయవలెనన్నను, నిబంధనలచే నియంత్రింపవలెనన్నను ఈ ధ్వనిప్రవాహమును సర్వరు గుండా మరలించుటయు కలదు.

నాణ్యత

ఉత్తరము ఒక నిమిషము ఆలస్యమైనను అర్థము చెడదు. మాట అర సెకను ఆలస్యమైనచో సంభాషణ చెడును. నోటినుండి చెవికి 150 మిల్లీసెకనుల లోపుగ ధ్వని చేరినచో సంభాషణకు భంగము కలుగదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము నిర్దేశించినది. ఆ హద్దును మిక్కిలి దాటినచో ఇరువురును ఒకేసారి మాటాడుట, ఒకేసారి ఆగుట సంభవించును. ఖండములు సమానమైన ఎడములతో రాక ముందువెనుకలగుటను జిట్టరు అందురు. స్వీకరించు ఫోను వానిని క్షణకాలము నిలిపి వరుసలో పెట్టి వినిపించును గాని, ఆ నిలుపుదలయే ఆలస్యమును పెంచును. కొన్ని ఖండములు దారిలో నశించినచో మాట ముక్కలగును.

కోడెక్‌లలో పురాతనమైన జీ.711 సెకనునకు 64 కిలోబిట్లు గైకొనును. ఖండముల శిరోభాగములను, ఈథర్‌నెట్ కప్పును కలిపినచో నిజమైన వ్యయము ఒక్కొక్క దిశకు సుమారు 87 కిలోబిట్లు. జీ.729 అను సంక్షిప్త పద్ధతి 8 కిలోబిట్లకే తృప్తిపడినను, అదే శిరోభారముచే సుమారు 31 కిలోబిట్లను వాడును. జీ.722 పాత దూరవాణి విడిచిపెట్టు ఉచ్చస్వరములను సైతము 7000 హెర్ట్జుల వఱకు అందించుటచే స, శ, ష ల వంటి ధ్వనుల భేదము స్పష్టమగును. 2012లో ప్రమాణీకృతమైన ఓపస్ నెట్‌వర్కు స్థితి ననుసరించి తన్ను తాను మార్చుకొనగలదు.

పై అంకెలను బట్టి చూడ, నేటి ఫైబరు కనెక్షనులకు ధ్వని యనునది స్వల్పభారమే. చిక్కు వైశాల్యమున గాక రద్దీ యందున్నది. ఒకరు పెద్ద ఫైలును పంపుచుండగా దాని వెనుక చిక్కిన ధ్వనిఖండములు వరుసలో నిలిచిపోవును. దీనికి ప్రతిక్రియగా ఫోనులను వేఱొక వీల్యాన్‌లో, అనగా అదే నెట్‌వర్కున విడిగా ఏర్పఱచిన విభాగములో నుంచి, ధ్వనిఖండములకు రౌటరులో అగ్రస్థానము కల్పింపవలెను. ఈ యొక్క పని చేయక, మాట తెగుచున్నదని ఫోనులను మార్చువారు అనేకులు.

నెలకొల్పుట

మొదటి పని లెక్క. వెలుపలికి ఎన్ని మార్గములు కావలెనో నిర్ణయించుటకు డెన్మార్కు గణితవేత్త ఎర్లాంగ్ 1917లో ప్రకటించిన సూత్రమే నేటికిని శరణ్యము. ఒక కార్యాలయమునకు రద్దీ గంటలో 100 పిలుపులు, ఒక్కొక్కటి సగటున 3 నిమిషములు కలవనుకొందము. మొత్తము 300 నిమిషములు, అనగా 5 ఎర్లాంగుల రద్దీ. సగటున ఐదు పిలుపులే ఏకకాలమున నడుచుచున్నను, ఐదు మార్గములు చాలవు. నూటికి ఒకటికి మించి పిలుపులు త్రోసిపుచ్చబడకుండవలెనన్న 11 మార్గములు కావలెను. ఆ పదునొకండింటికి జీ.711 పద్ధతిలో ఒక్కొక్క దిశకు సుమారు 1 మెగాబిట్టు చాలును. ఉద్యోగుల సంఖ్యను బట్టి గాక, రద్దీని బట్టి ట్రంకులను కొనుట వివేకము.

రెండవది సంఖ్యాప్రణాళిక. శాఖకొక శ్రేణి చొప్పున మూడంకెలుగాని నాలుగంకెలుగాని కేటాయించి, రాబోవు విస్తరణకు చోటు విడువవలెను. 100, 112 వంటి అత్యవసర సంఖ్యలతో ఘర్షించు ఎక్స్‌టెన్షనులను ఇయ్యరాదు. మూడవది విద్యుత్తు. పాత రాగిలైను టెలిఫోను కేంద్రపు బ్యాటరీలనుండి శక్తిని పొందుటచే ఊరంతయు చీకటియైనను మ్రోగెడిది. ఐపీ ఫోనునకు స్విచ్చి, రౌటరు, ఫైబరు పెట్టె, సర్వరు నాల్గును నడిచిననే ప్రాణము. ఈ నాల్గింటిని యూపీఎస్‌పై నుంచుట, రెండు వేఱువేఱు సంస్థల అంతర్జాల కనెక్షనులను తెచ్చుకొనుట, యంత్రములకు సరియైన ఎర్తింగు కల్పించుట మన పట్టణములందు తప్పనిసరి జాగ్రత్తలు.

నాల్గవది రౌటరు దిద్దుబాటు. లోపలి చిరునామాలను బయటికొక్కటిగా మార్చు నాట్ అను ప్రక్రియవలన, పిలుపు కలిసినను ఒకరి మాట వినబడి వేఱొకరిది వినబడకపోవుట ఈ వ్యవస్థలకు ప్రసిద్ధమైన వ్యాధి. సహాయము చేయుటకై పెక్కు రౌటర్లలో నుంచిన సిప్ ఏఎల్‌జీ అను సదుపాయమే తఱచు సందేశములను చెఱచుచుండును గనుక, దానిని నిలిపివేసి చూచుట అనుభవజ్ఞుల తొలి చికిత్స. కడపటిది పరీక్ష. పాత లైనులను ఒక్కసారిగా వదలుకొనక, కొంతకాలము రెంటిని ప్రక్కప్రక్కల నడిపి, రద్దీ వేళ పిలుపులను, కరెంటు పోయినప్పటి స్థితిని, అంతర్జాలము తెగినప్పటి స్థితిని కావలెననియే సృష్టించి పరీక్షించిన పిదపనే మార్పును పూర్తిచేయవలెను. ఫ్యాక్సు యంత్రములు, దొంగల అలారములు, లిఫ్టులోని ఫోనులు ఏ లైనుపై ఆధారపడియున్నవో ముందుగా విచారింపనిచో, మార్పు జరిగిన నాడవి మూగవోవును.

వినియోగము

సౌకర్యములలో ముఖ్యమైనది పిలుపుల మరలింపు. అవతలివారితో ముందుగా మాటాడి అప్పగించుట ఒకటి, మాటాడకయే పంపివేయుట మఱియొకటి. మొదటి పద్ధతియే మర్యాద, రెండవది ఆపరేటరు నెలవుగా ఎఱిగిన సంఖ్యలకే తగినది. ఒకే పిలుపునకు ఒక శాఖలోని ఫోనులన్నియు మ్రోగుట, ఒకదాని తరువాత నొకటి మ్రోగుట, పిలిచినవారిని వరుసలో నిలిపి ఖాళీయైనవారికి అందించుట, పనివేళల యనంతరము వేఱొక సందేశమును వినిపించుట, వాయిస్ మెయిలును ఈమెయిలుగా పంపుట, ఊరికి దూరముననున్న ఉద్యోగి తన యింటినుండియే కార్యాలయపు సంఖ్యతో మాటాడుట, ఇవి యన్నియు ప్రత్యేకమైన తీగ యక్కఱలేక సిద్ధించును. ప్రతి పిలుపు ఎప్పుడు వచ్చినది, ఎంతసేపు నిలిచినది, ఎవరెత్తిరి అను పట్టికను పరిశీలించినచో, ఏ వేళల జనము ఎదురుచూచి విసిగి ఫోను పెట్టివేయుచున్నారో తెలియును. దానిని దిద్దుట యజమాని ధర్మము.

యంత్రస్వరముతో స్వాగతము పలుకు ఐవీఆర్‌ను మితముగా వాడవలెను. ఎంపికలు నాలుగైదుకు మించరాదు; మొదటి ఎంపిక ఎక్కువమందికి కావలసినదై యుండవలెను; సున్న నొక్కిన మనిషి పలుకు దారి ఎల్లప్పుడును తెఱచియుండవలెను. తెలుగువారు పిలుచు కార్యాలయమున సందేశము మొదట తెలుగున, స్పష్టమైన ఉచ్చారణతో వినబడుట ఉచితము. రికార్డు చేయునప్పుడు ఆ సంగతి ముందుగా తెలుపుట, రికార్డులను అవసరమునకు మించి నిలువ చేయకుండుట, అవి ఎల్లరి చేతికిని అందకుండునట్లు కాపాడుట సంస్థయొక్క విధి.

భద్రత

అంతర్జాలమున కెదురుగా నిలిచిన ప్రతి సర్వరును అపరిచితులు వెదకుచునే యుందురు. సిప్‌నకు నియతమైన 5060 పోర్టును తట్టి, సులభమైన రహస్యపదములను ప్రయత్నించు ప్రోగ్రాములు అహోరాత్రములు నడుచుచుండును. ఎక్స్‌టెన్షను సంఖ్యయే రహస్యపదముగా నున్న ఒక్క ఫోను చాలును. సెలవుదినముల రాత్రులందు దానిద్వారా అధిక రుసుము గల విదేశీ సంఖ్యలకు పిలుపులు ప్రవహింపజేసి, ఆ రుసుములో వాటా పొందు ముఠాలు కలవు. బిల్లు కార్యాలయము తలపై పడును. దీనికి నివారణలు సరళములు: దీర్ఘమైన రహస్యపదములు, అనవసరమైన విదేశీ పిలుపుల నిషేధము, దినవ్యయమునకు హద్దు, పదేపదే విఫలమగు చిరునామాల బహిష్కరణ, సర్వరును ఫైర్‌వాలు వెనుక నుంచి దూరపు ఉద్యోగులకు వీపీఎన్ దారిని మాత్రమే ఇచ్చుట. సందేశములను టీఎల్ఎస్ చేతను, ధ్వనిని 2004లో ప్రమాణీకృతమైన ఎస్ఆర్‌టీపీ చేతను గూఢపఱచినచో చాటున వినువారికి ఏమియు దక్కదు.

ఆపత్కాలపు పిలుపు

2013 డిసెంబరులో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున, మార్షల్ పట్టణపు హోటలు గదిలో ఒక స్త్రీ హత్యకు గురియగుచుండగా, ఆమె కుమార్తెయైన తొమ్మిదేండ్ల బాలిక 911 సంఖ్యను పదేపదే నొక్కియు, వెలుపలి లైనునకై ముందుగా 9 నొక్కవలెనను నియమము తెలియమిచే సహాయమును పొందజాలకపోయెను. ఆ మృతురాలి పేరిట 2018లో చేయబడిన కారీ చట్టము, క్రొత్తగా నెలకొల్పు అట్టి వ్యవస్థల నుండి ఏ ఉపసర్గయు లేకుండ నేరుగా 911 పలుకవలెనని శాసించినది. మన దేశమున 112 విషయమునను ప్రతి కార్యాలయమును ఈ నీతిని పాటింపవలెను. అంతేగాక, ఐపీ ఫోను ఎచ్చటికైనను కదలగలదు గనుక, హైదరాబాదు సంఖ్యతో విశాఖపట్టణమున కూర్చున్నవారి పిలుపు ఏ ఊరి రక్షకులను చేరునో ముందే విచారించి యుంచవలెను.

భారతదేశమున నియమములు

మన దేశమున అంతర్జాల దూరవాణికి 2002 ఏప్రిలు 1వ తేదీన పరిమితముగా అనుమతి లభించినది. దేశీయ సంఖ్యలకు అంతర్జాల మార్గమున పిలుచు సేవకు 2018లో ప్రభుత్వము దారి తెఱచినది. సంస్థలు తమ శాఖలను నెట్‌వర్కుతో కలుపుకొనవచ్చును గాని, ఆ మార్గముతో ప్రజల పిలుపులను మోసి, అధీకృత టెలిఫోను సంస్థల పరిధిని ఆక్రమింపరాదు. మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతముల కాల్ సెంటర్లకు చిరకాలము భారమైయుండిన రిజిస్ట్రేషను నిబంధనలను 2020 నవంబరులో సడలించి, 2021 జూనులో మఱింత సరళము గావించి, ఎక్స్ఛేంజి యంత్రము ప్రపంచమున ఎచ్చట నున్నను సమ్మతమేయని కేంద్రము ప్రకటించుటచే, ఉద్యోగులు ఇండ్లనుండియే పిలుపుల నందుకొనుట చట్టబద్ధముగా సుగమమైనది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ అంతర్జాలము, టెలివిజనులతోపాటు దూరవాణిని సైతము ఒకే ఫైబరుపై అందించుటకు ఏర్పడినది.

సమీక్ష

స్వంత సర్వరా, క్లౌడ్ సేవయా అను ప్రశ్నకు ఒకే సమాధానము లేదు. సాంకేతిక సిబ్బంది గలిగి, లోపలి పిలుపులు అధికముగా నున్న ఆస్పత్రి, కర్మాగారము, విశ్వవిద్యాలయములకు స్వంత సర్వరు మేలు. అంతర్జాలము తెగినను వానిలో గదినుండి గదికి మాట నడుచును. పదిమంది కార్యాలయమునకు, ఊరూర చెదరిన ఉద్యోగులు గల సంస్థకు నెలసరి చందాతో లభించు క్లౌడ్ సేవ మేలు. కాని ఒప్పందమునకు ముందు తమ సంఖ్యలు తమవిగానే ఉండునా, సేవను విడిచినచో రికార్డులు చేతికి వచ్చునా అని వ్రాతపూర్వకముగా తెలిసికొనవలెను.

బ్రిటనులో పాత రాగి దూరవాణి వ్యవస్థను 2027 జనవరి చివరికి పూర్తిగా మూసివేయ నిర్ణయింపబడినది. తక్కిన దేశములును ఆ దారినే సాగుచున్నవి. రాబోవు కార్యాలయమున అంతర్జాల దూరవాణికి ప్రత్యామ్నాయము కానరాదు. ఈ మార్పునకు సిద్ధపడు ప్రతి సంస్థయు ఫోనుల ధరను విచారించుటకు ముందు రద్దీని లెక్కించి, విద్యుత్తునకు ఆధారము కల్పించి, రహస్యపదములను దృఢపఱచి, 112 నేరుగా పలుకుచున్నదని స్వయముగా రూఢి చేసికొనవలెను. ఈ నాల్గును నెరవేరిన పిదపనే పాత లైనునకు సెలవు చెప్పుట శ్రేయస్కరము.